మామిడి సీమ బడుల్లో బోధన యాప్‌లు: జి. కొండూరు ప్రాంతం

ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద జి. కొండూరు మండల కేంద్రం వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్లింది, జి. కొండూరు, మైలవరం ఎన్టీఆర్ జిల్లాలో కలిశాయి. మామిడి తోటలకు మాత్రం ఈ గీతతో పని లేదు. చిన్న రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ కాసే నేల అటూ ఇటూ ఒకటే. బడుల సంగతికొస్తే ఇది మామూలు పల్లె మండలం. జిల్లా పరిషత్ హైస్కూళ్లు, ఊరూరా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలు, ఒకటో రెండో తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని పాఠం చెప్పే టీచర్లు. ఇలాంటి బడికి పనికొచ్చే ఆన్‌లైన్ సాధనాలు, యాప్‌లు ఏవి, వాటిని ఎలా వాడుకోవాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నది ఈ వ్యాస విషయం.

ప్రపంచంలో బోధన యాప్‌లు వేలల్లో ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం ప్రతి పిల్లవాడి దగ్గర ఒక పరికరం, గదిలో ఎడతెగని నెట్ ఉంటాయన్న ధీమాతో తయారైనవి. పల్లె బడిలో ఆ ధీమా చెల్లదు. పిల్లల చేతుల్లో ఫోను ఉండాలని పట్టుబట్టని సాధనం, సిగ్నల్ పోయినా పాఠం ఆగనివ్వని సాధనం, తెలుగులో పలకగల సాధనం ఇక్కడ నిలబడతాయి. మిగతావి శిక్షణ తరగతుల్లో చూడటానికి బాగుంటాయి, బడికొచ్చేసరికి మూలన పడతాయి. కింద చెప్పినవన్నీ ఈ చూపుతో ఏరినవే.

పాత బాట

తెర మీద పాఠం తెలుగు నేలకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఇస్రో, అమెరికా సంస్థ నాసా ఉపగ్రహం సాయంతో ‘సైట్’ అనే ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పెట్టెలు చేరాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. పొద్దున పూట బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ కూడా టీవీ ద్వారానే సాగింది. చదువుల కోసమే ఉద్దేశించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2004 సెప్టెంబరు 20న నింగికెగిసింది. మన టీవీ, ఇప్పుడు తెలంగాణలో టీ-శాట్ ఆ బాటలోనివే.

మామిడి సీమకు సొంత కథ ఒకటుంది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణాలు తెరుచుకున్నాయి. జనం నోట అవి ట్రిపుల్ ఐటీలు. పదో తరగతి మార్కులతో, ఎక్కువగా పల్లె బడుల నుంచే పిల్లలను తీసుకుని, వచ్చినవారికి వచ్చినట్టు చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, ప్రాంగణంలోని నెట్‌వర్క్ మీద పాఠాలు పెట్టి చదివించడం అప్పటికి సాహసమే. కృత్రిమ మేధ రంగంలో 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి దానికి తొలి ఛాన్సలర్. అందులో గమనించాల్సింది ల్యాప్‌టాప్‌ల సంఖ్య కంటే పాఠాలను బయటి నెట్ మీద ఆధారపడకుండా లోపలి నెట్‌వర్క్‌లోనే ఉంచుకున్న పద్ధతి. ఈనాటికీ జి. కొండూరు లాంటి చోట పనిచేసే సూత్రం అదే.

కోవిడ్ వచ్చి 2020 మార్చిలో బడులు మూతపడ్డాక మళ్లీ టీవీయే దిక్కయింది. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఛానల్ మీద పదో తరగతికి విద్యామృతం, కింది తరగతులకు విద్యావారధి పాఠాలు వచ్చాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ తెరల మీద తరగతులు నడిచాయి. ఇంట్లో ఒక్క ఫోను, అదీ నాన్నతో పాటు తోటకో పనికో వెళ్లిపోయే కుటుంబాల్లో టీవీ పాఠమే చేతికందింది.

పుస్తకంలోని గళ్ల బొమ్మ

ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షను 2017 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించారు. ఏక్‌స్టెప్ ఫౌండేషన్ తయారుచేసిన సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ఇది నడుస్తుంది. పాఠ్యపుస్తకంలో పాఠం మొదట్లో కనిపించే నలుపు తెలుపు గళ్ల బొమ్మ, అదే క్యూఆర్ కోడ్, దీక్షకు తలుపు. ఆంధ్రప్రదేశ్ తన పుస్తకాల్లో ఈ కోడ్‌లను ముందుగా అచ్చేసిన రాష్ట్రాల్లో ఒకటి. 2020-21 నుంచి ఎడమ పేజీ ఒక భాషలో, కుడి పేజీ ఇంకో భాషలో ఉండే జంట భాషల పుస్తకాలు వచ్చాక ఈ కోడ్‌ల అవసరం పెరిగింది. ఇంగ్లిషు పేజీ కొరుకుడు పడని పిల్లవాడికి తెలుగు వీడియో ఆసరా అవుతుంది.

దీక్షను వాడుకునే తెలివైన పద్ధతి ఒకటే. రేపు చెప్పబోయే పాఠం కోడ్‌ను ఇవాళ రాత్రి ఇంట్లో స్కాన్ చేసి, వీడియోనూ అభ్యాసాలనూ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. తరగతిలో నెట్ లేకపోయినా అవి ఆడతాయి. తరగతి గదిలో నిలబడి స్కాన్ చేస్తే సున్నాలా గుండ్రంగా తిరిగే గుర్తును పిల్లలు చూస్తూ కూర్చోవడం తప్ప లాభం లేదు. టీచర్ల శిక్షణ కూడా దీక్షలోనే: 2020 అక్టోబరు నుంచి నిష్ఠ కోర్సులు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. వాటిని కొందరు శ్రద్ధగా చేస్తారు, కొందరు వీడియో ఆన్ చేసి వేరే పనిలో పడతారు. ధ్రువపత్రం ఇద్దరికీ వస్తుంది. ఇది వేదిక లోపం అనడం కంటే, చేసినదాన్ని తరగతిలో చూసే ఏర్పాటు లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు అనాలి.

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2015లో తెచ్చిన ఈ-పాఠశాల, 2017 జులై 9న మొదలైన స్వయం వేదిక కూడా ఉచితమే. మొదటిది ప్రధానంగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు, రెండోది కాలేజీ స్థాయి కోర్సులకు. పల్లె హైస్కూలు టీచరు తన విషయంలో తాను ఎదగడానికి స్వయం బాగా పనికొస్తుంది. పిల్లలకు నేరుగా అంత పనికిరాదు.

ప్యానెల్, ట్యాబ్, పెన్‌డ్రైవ్

ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పనులు 2019 నవంబరు 14న మొదలయ్యాక ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లోకి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, ప్రాథమిక బడుల్లోకి స్మార్ట్ టీవీలు వచ్చాయి. ప్యానెల్ అంటే గోడంత పెద్ద ఆండ్రాయిడ్ ఫోనే. వేలితో రాయొచ్చు, రాసింది దాచుకోవచ్చు, వీడియోను మధ్యలో ఆపి దాని మీదే బొమ్మ గీయొచ్చు. టీచరు చెయ్యి తిరిగితే ఇది గొప్ప వస్తువు. కిటికీ వెలుగు పడే గోడకు బిగిస్తే పక్క వరసల పిల్లలకు మెరుపు తప్ప అక్షరం కనిపించదు కాబట్టి బిగించేచోటును ముందే చూసుకోవాలి. ఒక మంచి అలవాటు: పాఠాల వారీగా ఫోల్డర్లు పెట్టిన పెన్‌డ్రైవ్ ఒకటి ప్రతి సబ్జెక్టు టీచరూ దగ్గర ఉంచుకోవడం. ప్యానెల్ సొంత మెమరీలో గుట్టలు గుట్టలుగా పోసిన వీడియోల్లో కావలసింది వెతుక్కునేసరికి పీరియడ్ సగం అయిపోతుంది.

ట్యాబ్‌ల సంగతి వేరు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. మొత్తం 5,18,740 ట్యాబ్‌లు, వాటిలో బైజూస్ పాఠాలు ముందే నింపి ఇచ్చారు. మరుసటి ఏడు అదే రోజున అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత. నెట్ లేకుండా ఆడేలా పాఠాలను మెమరీ కార్డులో ఇవ్వడం మెచ్చుకోవాల్సిన ఆలోచన. బొమ్మలు, కదిలే చిత్రాలు కూడా నాణ్యంగానే ఉన్నాయి. అయితే పాఠాల హక్కు ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉంది. ఆ సంస్థ 2024 జులై 16న దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సిలబస్ మారినప్పుడు పాఠాన్ని దిద్దే అధికారం టీచరుకు గానీ, మరమ్మతు చేసే బాధ్యత తీసుకునే వారు గానీ లేకపోతే ఎంత మంచి పాఠమైనా పాతబడిపోతుంది. ఎవరైనా తీసుకుని, మార్చుకుని, పంచుకునే లైసెన్సు ఉన్న పాఠాలకు ఈ బెడద లేదు. ఏ యాప్‌ను నెత్తిన పెట్టుకోవాలో తేల్చుకునే ముందు టీచరు చూడాల్సిన మొదటి విషయం ఈ లైసెన్సు అని ఈ వ్యాసకర్త గట్టిగా నమ్ముతున్నాడు.

ప్రశ్న అడిగే యాప్‌లు

తరగతిలో ‘అర్థమైందా?’ అంటే పిల్లలు ‘అయింది సార్!’ అని ముక్తకంఠంతో అంటారు. ముందు బెంచీ మీద నలుగురికి అర్థమై ఉంటుంది. మిగతావాళ్ల సంగతి పరీక్ష పేపరు దిద్దేదాకా తెలియదు. ఆ లోటు తీర్చే సాధనాల్లో పల్లె బడికి అన్నిటికన్నా అనువైనది ప్లికర్స్.

దీనికి పిల్లల దగ్గర ఫోను అక్కర్లేదు, కాగితం ముక్క చాలు. ప్లికర్స్ వెబ్‌సైట్ నుంచి 40 కార్డుల కట్టను ఉచితంగా దించుకుని ఏ4 కాగితానికి రెండు చొప్పున అచ్చు వేసుకోవచ్చు. ప్రతి కార్డు మీద ఒక్కో రకం నల్లటి గళ్ల ఆకారం ఉంటుంది. ఏ రెండూ ఒకేలా ఉండవు. అందుకే రోల్ నంబరు ప్రకారం ఒక్కో కార్డు ఒక్కో పిల్లవాడి పేరిట రాసుకుంటారు. ఆకారానికి నాలుగు వైపులా ఎ, బి, సి, డి అని చిన్న అక్షరాలు. తన జవాబు ఏ అక్షరమైతే ఆ వైపు పైకి వచ్చేలా కార్డు పట్టుకోవాలి. టీచరు తన ఫోను కెమెరాను తరగతి మీదుగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పితే ఎవరు ఏ జవాబు చెప్పారో క్షణాల్లో ఫోనులో పడుతుంది. అక్షరాలు మరీ చిన్నవి కావడంతో పక్కవాడి కార్డు చూసి తన కార్డు తిప్పుకునే వీలు పిల్లలకు ఉండదు.

ఉదాహరణకు ఆరో తరగతి భిన్నాలు. ప్రశ్న: ‘ఒక ట్రేలో 20 మామిడి కాయలున్నాయి. వాటిలో 3/4 వంతు పండాయి. పచ్చివి ఎన్ని?’ జవాబులు: ఎ) 15, బి) 5, సి) 17, డి) 16. బి అన్నవారికి విషయం తెలుసు. ఎ అన్నవాడు భిన్నం సరిగ్గానే కట్టాడు, ప్రశ్న చివరి మాట చదవలేదు. సి అన్నవాడు 20లోంచి 3 తీసేశాడు, డి అన్నవాడు 4 తీసేశాడు. ఈ ఇద్దరికీ భిన్నం అంటే ఏమిటో ఇంకా తెలియలేదు. ఒక్క ప్రశ్నతో ఎవరెవరికి ఏ రకం సహాయం కావాలో తేలిపోయింది. ప్రశ్నను ఇలా అల్లడం టీచరు పని, ప్లికర్స్ దాన్ని చేసి పెట్టదు. ప్లికర్స్‌కు టీచరు ఫోనులో మొబైల్ డేటా ఉండాలి. కార్డులను మెరిసే ప్లాస్టిక్‌తో లామినేట్ చేస్తే వెలుగు తళుక్కుమని కెమెరా వాటిని గుర్తుపట్టదు. దళసరి అట్ట మీద అంటించుకుంటే ఏడాదంతా వస్తాయి.

కహూట్ 2013లో నార్వేలో, క్విజిజ్ 2015లో పుట్టాయి. క్విజిజ్‌ను ఇద్దరు భారతీయులు మొదలుపెట్టారు, 2025లో దాని పేరు వేగ్రౌండ్‌గా మారింది. పిల్లలకు ఆటలా ఉంటాయి, ఉత్సాహం వస్తుంది. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న బడిలో, లేదా ట్యాబ్‌లకు నెట్ ఉన్నచోట ఇవి బాగుంటాయి. గూగుల్ ఫారమ్స్‌తో ఇంటి దగ్గర రాసే చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. జవాబులు వాటంతట అవే స్ప్రెడ్‌షీట్‌లో పడతాయి.

చదవడం నేర్పేవి

అయిదో తరగతికి వచ్చినా రెండో తరగతి వాచకం తడబడకుండా చదవలేని పిల్లలు దాదాపు ప్రతి బడిలోనూ ఉంటారు. ఒక టీచరు రోజూ ఒక్కొక్కరి పక్కన కూర్చుని చదివించడం జరిగే పని కాదు. గూగుల్ రీడ్ అలాంగ్ ఇక్కడ అక్కరకొస్తుంది. 2019లో భారతదేశంలోనే ‘బోలో’ పేరుతో హిందీ, ఇంగ్లిషుల్లో మొదలై, 2020 మేలో తెలుగు సహా తొమ్మిది భాషలతో ప్రపంచమంతటికీ వచ్చింది. తెర మీద కథ ఉంటుంది. పిల్లవాడు పైకి చదువుతుంటే యాప్ వింటుంది, సరిగ్గా పలికిన మాట రంగు మారుతుంది, తడబడిన మాటను తాకితే పలికి వినిపిస్తుంది. కథలను ముందే దించుకుంటే నెట్ లేకుండా పనిచేస్తుంది. అయితే గది గోలగా ఉంటే యాప్ తికమక పడుతుంది కాబట్టి వరండాలో ఒక మూల, ఒక్కో పిల్లవాడికి పది నిమిషాలు అన్నట్టు వంతులు వేసుకోవాలి.

కథల కొరత తీర్చేది స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ దీన్ని 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు తెరిచింది. తెలుగులో బొమ్మల కథలు చదివే స్థాయిల వారీగా విడదీసి ఉంటాయి. అన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందివే. అంటే టీచరు కథను దించుకుని అచ్చు వేసుకోవచ్చు, తమ ఊరి మాటల్లోకి మార్చుకోవచ్చు, పిల్లల చేత కొత్త కథ రాయించి అక్కడున్న బొమ్మలతోనే పుస్తకం చేయవచ్చు. చింతపల్లి పిల్లలకూ జి. కొండూరు పిల్లలకూ తెలుగు ఒకటే అయినా మాట తీరు ఒకటి కాదు. కథను తమ మాటలోకి తెచ్చుకునే వీలు ఇంత తేలిగ్గా ఇంకే వేదికా ఇవ్వడం లేదు.

లెక్కలు, సైన్సు

జియోజీబ్రాను ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో తన పరిశోధనలో భాగంగా మొదలుపెట్టారు. ప్యానెల్ మీద త్రిభుజం గీసి ఒక శీర్షాన్ని వేలితో లాగితే కోణాలు మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. సుద్దముక్కతో గీసిన ఒక్క త్రిభుజం ఆ ఒక్క త్రిభుజం గురించే చెబుతుంది. ఇక్కడ పిల్లలు కావలసినన్ని త్రిభుజాలు చేసి చూసుకుంటారు.

సైన్సుకు ఫెట్. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ మరుసటి ఏడు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టారు. విద్యుత్ వలయం, కాంతి వక్రీభవనం, అణువుల కదలిక వంటివన్నీ ముట్టుకుని ఆడే బొమ్మల్లా ఉంటాయి. కొన్నిటికి తెలుగు అనువాదాలున్నాయి. ఒక్కో ప్రయోగాన్ని ఫైలుగా దించుకుని నెట్ లేకుండా నడపవచ్చు. టార్చి బల్బు, సెల్, రాగి తీగతో అసలు ప్రయోగం చేయగలిగినప్పుడు దాన్ని చేయించాకే ఫెట్ తెరవాలి. తీగలో ఎలక్ట్రాన్ల నడకలాంటి కంటికి కనిపించని సంగతి చూపడానికి దాన్ని మించింది లేదు.

మొక్కల పాఠాలకు ఈ సీమలో ప్రయోగశాల బడి గోడ అవతలే ఉంది. ప్లాంటిక్స్ అనే యాప్ తెగులు సోకిన ఆకు ఫోటో చూసి ఏ తెగులో ఊహిస్తుంది. జర్మన్ సంస్థ తయారుచేసిన ఈ యాప్‌కు హైదరాబాదు దగ్గరి ఇక్రిశాట్, ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం సహకారంతో తెలుగు రూపం వచ్చింది. పూత కాలంలో పిల్లలు తమ తోటల నుంచి తెచ్చిన మామిడి ఆకులను, పూగుత్తులను దీనితో చూసి, తేనెమంచు పురుగా బూడిద తెగులా తేల్చమనాలి. తర్వాత అదే కొమ్మను అనుభవమున్న రైతుకు చూపించి, యాప్ మాటకూ రైతు మాటకూ తేడా ఎక్కడొచ్చిందో రాయించాలి. నూజివీడులో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి మామిడి పరిశోధన స్థానం ఉంది. తేలని ప్రశ్నను అక్కడిదాకా తీసుకుపోవచ్చు. అలా చేసిన ప్రాజెక్టు ఏ సైన్సు ఫెయిర్‌లోనైనా నిలుస్తుంది.

బుడమేరును పటం మీద చదవడం

2024 ఆగస్టు చివర కురిసిన కుండపోతకు బుడమేరు వాగు పొంగి, జి. కొండూరు మండలం కవులూరు దగ్గర బుడమేరు మళ్లింపు కాలువ కట్టలకు గండ్లు పడ్డాయి. విజయవాడలో సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. సైన్యం సాయంతో సెప్టెంబరు మొదటి వారంలో గండ్లు పూడ్చారు. ఈ మండలపు పిల్లలకు వరద అంటే పుస్తకంలో మాట కాదు, కళ్లారా చూసిన సంగతి. భూగోళ పాఠం అక్కడి నుంచే మొదలవ్వాలి.

దానికి రెండు సాధనాలు. ఒకటి ఇస్రో భువన్: హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం నడిపే పటాల వేదిక, 2009 ఆగస్టు 12న ప్రారంభమైంది. రెండోది 2005లో వచ్చిన గూగుల్ ఎర్త్. ప్యానెల్ మీద ముందు తమ బడి పైకప్పు వెతకమనాలి. అది దొరికిన సంబరం చల్లారాక మైలవరం కొండల నుంచి దిగే వాగులను వేలితో కలుపుకుంటూ వెలగలేరు రెగ్యులేటర్ దాకా రావాలి. అక్కడ నీటికి రెండు దారులు. పాత దారి విజయవాడను ఒరుసుకుంటూ కొల్లేటికి పోతుంది. రెండోది మనుషులు తవ్విన మళ్లింపు కాలువ, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. పట్టిసీమ నుంచి పోలవరం కుడి కాలువలో వచ్చే గోదావరి నీళ్లు కూడా ఈ కాలువలోంచే కృష్ణకు చేరతాయి. గూగుల్ ఎర్త్‌లో కొలత గీత గీసి కొల్లేరుకు ఎంత దూరమో, కృష్ణకు ఎంత దూరమో పిల్లలే కొలవాలి. ఎత్తులు చూసి నీరు ఎటు పోవాలనుకుంటుందో, మనిషి ఎటు మళ్లించాడో తేల్చుకోవాలి. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయన్న ప్రశ్న వేసి వదిలేస్తే తరగతి అంతా మాట్లాడుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు కూడా తెరవచ్చు. వాగు గట్టున ఇళ్లు ఎప్పుడెప్పుడు పెరిగాయో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే వరదకు వానొక్కటే కారణం కాదని పిల్లలకు పెద్దలు చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. ఇంటికెళ్లి తాతనో నాయనమ్మనో అడిగి పాత వరదల సంగతులు రాసుకురమ్మంటే పాఠం నిండుతుంది.

ఊరి చరిత్రకు, జనాభా లెక్కలకు తెలుగు వికీపీడియా ఉంది. 2003 డిసెంబరు 10న మొదలై ఇప్పుడు లక్ష వ్యాసాలు దాటింది. ఈ మండలంలోని ఊళ్లకు కూడా అందులో పేజీలున్నాయి. 2001, 2011 జనగణన అంకెలు పక్కపక్కన పెట్టి శాతాలు కట్టించవచ్చు. కివిక్స్ అనే యాప్‌తో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేని కంప్యూటర్లో చదువుకోవచ్చు. తెలుగు పండితులకు ఆంధ్రభారతి నిఘంటు శోధన పెన్నిధి: ఒక్క మాట కొడితే సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌణ్య నిఘంటువు మొదలైన వాటన్నిటిలోని అర్థాలు వరసగా వస్తాయి.

ఇంటికీ బడికీ మధ్య

ప్రథమ్ సంస్థ అసర్ 2024 సర్వేలో దేశంలోని పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లలను ఫోను గురించి అడిగారు. ఫోను వాడటం తెలిసినవారిలో అంతకు ముందు వారంలో చదువు కోసం వాడామన్నవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవారు 76 శాతం. ఇంట్లో ఫోను ఉందా అన్న ప్రశ్నకు రోజులు చెల్లాయి. అది ఎవరి చేతిలో, ఎంతసేపు, దేనికి అన్నదే ఇప్పటి ప్రశ్న. తల్లిదండ్రులతో మాట్లాడే దారి ఆచరణలో వాట్సాప్ ఒక్కటే. చదవడం రాని అమ్మలకు టీచరు సొంత గొంతుతో పంపే వాయిస్ మెసేజ్ నోటీసు కన్నా మేలు. కాయ కోతల రోజుల్లో పొద్దు పోయాక పంపితేనే వింటారు.

లెక్కలు అడిగే యాప్‌లు

టీచరు ఫోనులో పాఠానికి పనికొచ్చే యాప్‌ల కన్నా ముందు కూర్చున్నవి ప్రభుత్వానికి లెక్కలు పంపే యాప్‌లు. పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం, బడి వివరాల యూడైస్ ప్లస్, పిల్లల గుర్తింపు కోసం ఆపార్ నంబర్లు ఒకదాని వెంట ఒకటి. 2022 ఆగస్టులో టీచర్ల హాజరుకు ముఖం గుర్తుపట్టే యాప్‌ను తెచ్చినప్పుడు సొంత ఫోనులో, సొంత డేటాతో ఎందుకు వేయాలని ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా ఎదిరించాయి. మరుగుదొడ్ల ఫోటోలు తీసి అప్‌లోడ్ చేయాల్సిన రోజులు కూడా టీచర్లు చూశారు. విడివిడి యాప్‌లను ఒక గొడుగు కిందికి తెచ్చే ప్రయత్నంగా పాఠశాల విద్యాశాఖ 2025లో లీప్ యాప్ తెచ్చింది. దిశ సరైనదే. ఒక అంకెను ఒకసారే అడగాలి, అడిగిన అంకె మళ్లీ టీచరుకు ఉపయోగపడే రూపంలో తిరిగి రావాలి. సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని ఆవరణలో తిరిగిన ప్రతి నిమిషమూ మొదటి పీరియడ్ నుంచి పోయిన నిమిషమే. యునెస్కో 2023 ప్రపంచ విద్యా నివేదిక చదువులో టెక్నాలజీ మీదే వచ్చింది. టెక్నాలజీ ఎవరి షరతుల మీద నడుస్తోందో చూసుకోవాలని అది దేశాలను హెచ్చరించింది. ఆ ప్రశ్న మండల స్థాయిలో కూడా అడగదగినదే.

పిల్లల వివరాలు, కృత్రిమ మేధ

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. కొత్త యాప్‌లో తరగతి జాబితా ఎక్కించేటప్పుడు అసలు పేర్ల బదులు రోల్ నంబర్లు వాడటం అన్నిటికన్నా తేలిక జాగ్రత్త. పిల్లల మార్కుల పట్టిక, ఆధార్ కాపీ వంటివి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక పాఠ ప్రణాళిక రాసుకోవడానికి, ఒకే పాఠం మీద తేలిక, మధ్యస్థ, కష్టం అనే మూడు రకాల ప్రశ్నలు అల్లుకోవడానికి టీచర్లు కృత్రిమ మేధను వాడుతున్నారు. పని తగ్గుతుంది, నిజం. కానీ అది తెలుగులో ధీమాగా తప్పులు చెబుతుంది: లేని పద్యానికి కవిని అంటగడుతుంది, ఊళ్ల పేర్లు కలిపేస్తుంది. దాని జవాబును పాఠ్యపుస్తకంతో పోల్చి చూశాకే బోర్డు మీదకు తేవాలి. దీన్నే పాఠంగా కూడా మార్చుకోవచ్చు: తమ ఊరి గురించి అది రాసిన పేరా తెర మీద పెట్టి, తప్పులు పట్టమంటే పదో తరగతి పిల్లలు వదలరు.

తెలుగులో కొట్టడం

ప్రశ్నపత్రాల దగ్గర ఇప్పటికీ ఒక పాత పీడ ఉంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన ఫైలు ఇంకో కంప్యూటర్లోనో ఫోనులోనో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. నిరుటి పేపరు దిద్దుకోవాలంటే మళ్లీ మొదటి నుంచీ కొట్టించాలి. తెలుగు 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే చేరింది. యూనికోడ్‌లో కొట్టింది ఎక్కడైనా తెలుగుగానే కనిపిస్తుంది. ఫోనులో జీబోర్డ్‌తో తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మారుతుంది, కంప్యూటర్లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు గానీ లేఖిని గానీ వాడుకోవచ్చు. మండలి, రామభద్ర, సూరన్న, పొన్నాల వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అచ్చులో మాత్రమే మిగిలిన పాత పేపర్లను గూగుల్ లెన్స్‌తో ఫోటో తీస్తే అక్షరాలు చాలావరకు సరిగ్గా వస్తాయి. ఒత్తులు, అరసున్నలు, గణిత గుర్తులు మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి. అలా యూనికోడ్‌లోకి తెచ్చిన పేపర్లను మండలంలోని టీచర్లు ఒక గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లో తరగతి, సబ్జెక్టు, సంవత్సరం వారీగా ఉంచుకుంటే, వెలగలేరు టీచరు తయారుచేసిన పేపరును చెవుటూరు టీచరు రెండు ప్రశ్నలు మార్చి అదే సాయంత్రం అచ్చుకు పంపవచ్చు.